సిబిల్ స్కోరు పడిపోతే: మనమే సరిచేసుకోవాలా, డబ్బిచ్చి చేయించుకోవాలా?

మా తమ్ముడు ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు మేనేజరు సిబిల్ స్కోరు, అంటే మనం అప్పులు ఎలా తీరుస్తున్నామో చెప్పే అంకె, చూసి ఫైలు తిరిగి చేతిలో పెట్టారు. 640 ఉంది. రిపోర్టు తీసి చూస్తే, నాలుగేళ్ల కిందటే తీర్చేసిన బైకు అప్పు ఇంకా బాకీగానే కనిపిస్తోంది. ఆ వారంలోనే ఒక ఏజెన్సీ నుంచి వాడికి ఫోను వచ్చింది. 18 వేలు కడితే నెలలో 750 దాటిస్తారట. డబ్బు పంపే ముందు నాతో ఒక మాట అనడం మంచిదైంది.

ఏ దారి మేలో తేల్చుకునే ముందు ఒకటి తెలియాలి. స్కోరు తగ్గింది తప్పుడు నమోదు వల్లనా, నిజంగానే వాయిదాలు తప్పడం వల్లనా? ఇది తేలకుండా ఎవరికి రూపాయి ఇచ్చినా దండగే.

తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. మన దేశంలో రుణ చరిత్ర నమోదు చేసే సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన. నాలుగూ తెప్పించుకోండి, ఒకదానిలో లేని తప్పు మరోదానిలో ఉండవచ్చు. స్కోరు అంకె దగ్గరే ఆగిపోకుండా ఖాతాల పట్టిక చదవండి. మీవి కాని అప్పులు, తీరినా మూయని ఖాతాలు, ఎవరికో హామీ సంతకం పెట్టిన అప్పులు అక్కడే బయటపడతాయి. హామీ ఉన్న అప్పు మన రిపోర్టులోకీ వస్తుందని చాలామందికి తమ రుణం ఆగిపోయేదాకా తెలియదు.

తప్పు నమోదైతే నా సలహా ఒక్కటే, మీరే చేసుకోండి. ఆ సంస్థ వెబ్‌సైటులో ఫిర్యాదు నింపి, అప్పిచ్చిన బ్యాంకుకూ విడిగా రాయాలి. బాకీ లేదని ఇచ్చిన పత్రం, చివరి వాయిదా కట్టిన రశీదు జతచేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారంగా ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. మా తమ్ముడికి అంత దూరం వెళ్లే అవసరం రాలేదు, మూడు వారాల్లో ఆ ఖాతా మూసినట్టు మారింది.

మరి ఏజెన్సీ ఏం చేస్తుంది? అదే ఫిర్యాదు మీ పేరుతో నింపుతుంది. వాళ్లకు వేరే తలుపేమీ లేదు. పైగా పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ అడుగుతారు. అవి పరాయి చేతికి వెళ్తే మీ పేరున కొత్త అప్పే పుట్టవచ్చు. నిజంగా కట్టని వాయిదాను చెరిపేస్తామన్న మాట వినిపిస్తే అక్కడితో ఫోను పెట్టేయండి. సరైన నమోదును చెరిపే అధికారం ఎవరికీ లేదు, ఆ చరిత్ర కనీసం ఏడేళ్లు ఉంటుంది.

వాయిదాలు నిజంగానే తప్పిన వాళ్ల సంగతి వేరు. వాళ్ల ముందున్న అసలు ఎంపిక పూర్తిగా కట్టడమా, సెటిల్‌మెంటా అన్నది. లక్ష బాకీకి 40 వేలు కడితే చాలని రికవరీ వాళ్లు అంటే ప్రాణం లేచి వస్తుంది. కానీ రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. తర్వాత అప్పివ్వాల్సిన బ్యాంకు దాన్ని చూసి వెనకాడుతుంది. ఇంట్లో బంగారమో స్థలమో ఉండి, రెండేళ్లలో ఇంటి రుణం కావాలనుకుంటే కష్టమైనా పూర్తిగా కట్టడమే మేలంటాను. ఉద్యోగం పోయి, ఆసుపత్రి ఖర్చులు మీద పడిన వాళ్లకు మాత్రం సెటిల్‌మెంటే ఊపిరి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా లేఖ అందాకే డబ్బు కట్టండి.

ఆ తర్వాత స్కోరు పెరగడం నెలల పని. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, పరిమితిలో మూడో వంతు లోపే వాడుతూ, ప్రతి నెలా పూర్తి బిల్లు గడువులోపు కట్టడం నాకు తెలిసిన నమ్మకమైన దారి. ఆ రోజుల్లో నాలుగైదు చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టవద్దు, దరఖాస్తు అందిన బ్యాంకు మన రిపోర్టు అడిగిన ప్రతిసారీ అదీ రిపోర్టులో కనిపిస్తుంది.

నాలుగైదు అప్పులు కలగాపులగమై దేన్ని ముందు తీర్చాలో తెలియని వాళ్లకు తోడు కావాలి, అది ఒప్పుకుంటాను. అలాంటి వాళ్లు ముందు బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రానికి వెళ్లండి. జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకును అడిగితే చిరునామా చెబుతారు, సలహాకు రుసుము ఉండదు.

డబ్బిచ్చి నిపుణుణ్ణి పెట్టుకోవడం సబబని నాకనిపించే సందర్భాలు రెండే. ఒకటి, కోర్టు నోటీసు రావడం. రెండోది, మీ పాన్‌తో మరెవరో అప్పు తీసుకోవడం. రెండింటికీ వెళ్లాల్సింది న్యాయవాది దగ్గరికి. రెండోదానిలో ఆయన్ను కలిసే ముందే 1930కి ఫోను చేసి సైబర్ నేరంగా నమోదు చేయించండి. ఆ ఫిర్యాదు నకలు బ్యాంకుకూ, నాలుగు సంస్థలకూ పంపాల్సి ఉంటుంది.