థర్మాకోల్ పెట్టెలో స్పైరులినా: ఇంట్లో కట్టిన లైటు ఇంక్యుబేటర్ వాడాక

చేపలు రవాణా చేసే థర్మాకోల్ పెట్టె, 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, ఎస్‌టీసీ-1000 టెంపరేచర్ కంట్రోలర్, పాత కంప్యూటర్ ఫ్యాను, గాలి ఊదే అక్వేరియం పంపు. నా ఇంక్యుబేటర్ అంటే ఇంతే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో రెండు వేసవులు దాటింది. పెంచేది ఎక్కువగా స్పైరులినా, అప్పుడప్పుడు అనబీనా. రెండూ సయనోబ్యాక్టీరియా, అంటే వెలుగుతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు.

చాలామంది డబ్బు తగలేసేది లైటు మీదే. ఊదారంగు గ్రో లైట్లు అక్కర్లేదు. సయనోబ్యాక్టీరియాలోని ఫైకోసయనిన్ అనే నీలి రంగు పదార్థం 620 నానోమీటర్ల దగ్గరి నారింజ-ఎరుపు వెలుగును బాగా పట్టుకుంటుంది. ఉత్త నీలి వెలుగులో నీరసంగా పెరుగుతాయి. 3000 కెల్విన్ వార్మ్ వైట్ స్ట్రిప్ చాలు. లోపలంతా చెమ్మ కాబట్టి సిలికాన్ పూత ఉన్నదే కొనండి. అడాప్టరు పెట్టె బయటే ఉండాలి. కల్చర్ (సీసాలో పెరుగుతున్న జీవులతో కూడిన నీళ్లు) పలచగా ఉన్న మొదటి రోజుల్లో సీసాకి తెల్ల కాగితం చుట్టండి, లేకపోతే ఎక్కువ వెలుగుకి పాలిపోతుంది.

అసలు తలనొప్పి వేడి. స్పైరులినాకు 30-35 డిగ్రీలు హాయి. మే నెలలో మన గదే అంతకు మించి కాగుతుంది, ఫ్యాను తెచ్చేది ఆ గది గాలినే. పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) జోలికి వెళ్లకండి: 12706 రకం ఒక్కటే 60 వాట్ల దాకా లాగుతుంది, ఆ వేడంతా మళ్లీ గదిలోకే. నాకు కలిసొచ్చింది టైమరు తిరగేయడం. రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా లైటు, పగలంతా చీకటి. వేసవిలో లైటు వేడి, ఎండ వేడి ఒకేసారి మీద పడవు. డిసెంబరులో ఆ లైటే రాత్రిపూట హీటరు. మే మధ్యాహ్నాలకు మాత్రం ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా లోపల పెట్టక తప్పదు.

ఎస్‌టీసీ-1000కి మంచి మార్కులే వేస్తాను. ప్రోబ్‌ని (వేడి కొలిచే తీగ) గాల్లో వేలాడదీయకుండా నీళ్ల సీసాలో ముంచితే రిలే (లోపలి స్విచ్చు) ఊరికే టకటకలాడదు. ఫ్రిజ్ కంప్రెసర్ల కోసం, మళ్లీ ఆన్ అయ్యే ముందు పెట్టిన ఆలస్యాన్ని 1 నిమిషానికి తగ్గించుకోండి, ఫ్యానుకి అంతకన్నా అక్కర్లేదు. వెనక 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి. డబ్బాలో బిగించకుండా వాడొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

పంపు సీసా కన్నా కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు కల్చర్ పైపులోంచి వెనక్కి పంపులోకి దిగుతుంది. చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చే చిన్న కవాటం) చవకే, పెట్టేయండి.

నీళ్ల సంగతి. స్పైరులినాను పెంచే పోషక ద్రావణం జరోక్ మీడియంలో లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ పడుతుంది. గట్టి బోరు నీళ్లలో కలిపితే కాల్షియం తెల్లగా అడుగున పేరుకుంటుంది. ఆర్ఓ నీళ్లే మేలు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "తినొచ్చా?" అని అడుగుతారు. నేను తినను. స్పైరులినా పెరిగే, పీహెచ్ 9 దాటిన నీళ్లలో చాలా జీవులు బతకవు, నిజమే. అయినా కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ తయారుచేసే సయనోబ్యాక్టీరియా ఉన్నాయి, ఆ విషం మైక్రోస్కోపులో కనబడదు. మిగిలిన అనబీనా కుండీల్లోకి పోతుంది. స్పైరులినా నీళ్లు మాత్రం మొక్కలకు పోయకండి, అంత సోడాకి వేళ్లు మాడిపోతాయి.