జోనీ మిచెల్ ‘బోత్ సైడ్స్ నౌ’: పాత జాజ్ పాటలు, ముదిరిన గొంతు

కెనడా గాయని జోనీ మిచెల్ 2000లో తెచ్చిన ఈ ఆల్బమ్‌లో పాటలు 12. పది పాత జాజ్ స్టాండర్డ్స్ (ఎందరో పాడుతూ వచ్చిన పాటలు), రెండు ఆవిడ సొంతవి. వలపు మొదలై చేదయ్యేదాకా కథలా పేర్చిన వరస ఇది. షఫుల్‌లో పెడితే చెడుతుంది.

తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీలు వినే చెవికి ఇక్కడ పట్టు దొరికేది కాలప్రమాణంలో. విన్స్ మెండోజా కూర్చిన ఆర్కెస్ట్రా లెక్క తప్పదు. ఆవిడ మాత్రం మాటను తాళం దెబ్బ దాటాక ఎత్తుకుని, పాదం చివర్లో సర్దేస్తుంది. కీర్తనలో ఎత్తుగడ (పాదం అందుకునే చోటు) ఒకచోట స్థిరంగా ఉంటుంది. ఇక్కడ పాదానికో చోటు. తొడమీద తాళం వేస్తూ వినండి, తెలిసిపోతుంది.

ఆఖరి పాట ‘బోత్ సైడ్స్ నౌ’, అదే అసలు సరుకు. 1969లో గిటారుతో సన్నగా పాడినదాన్నే ఇక్కడ బాగా కింది శ్రుతిలో, నింపాదిగా పాడింది. రెండూ వెంటవెంటనే వినాలి.

లోపం? దాదాపు అన్నీ విళంబమే, అంటే నెమ్మది నడకే. నడుమ నాలుగైదు పాటలు ఒకే రంగులో కలిసిపోతాయి, కాలు ఆడించే స్వింగ్ కోరేవాళ్లకు నిరాశే. హెడ్‌ఫోన్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్లో డబుల్ బేస్ (మంద్రంగా మోగే పెద్ద తంత్రీవాద్యం) వినబడదు. తిరుమల బస్సులోనైతే వయొలిన్లు కూడా ఇంజిన్ హోరులో కలిసిపోతాయి.