ఒకే బాణీని మూడుసార్లు కొన్నాను

మా ఇంట్లో పుస్తకాల అల్మరా కింది అర మొత్తం జపాన్ యానిమేషన్ సినిమాల సంగీతమే. 73 సీడీలు, 11 ఎల్పీ రికార్డులు. 2009లో ఒక్క సీడీతో మొదలైంది. వీటిలో పాటల కోసం కొన్నవి దాదాపు లేవు. అన్నీ నేపథ్య సంగీతాలు, మన సినిమావాళ్ల మాటలో రీరికార్డింగ్. మనకు ఆడియో విడుదలైందంటే పాటలు విడుదలైనట్టే లెక్క. రెండున్నర గంటలు సినిమాను మోసిన రీరికార్డింగ్ చాలాకాలం పాటు హాలులోనే పుట్టి హాలులోనే పోయేది. జపాన్‌లో అలా కాదు. అక్కడ కొన్ని సినిమాల సంగీతానికి మూడేసి ఆల్బములుంటాయి. ఆ సంగతి తెలియక పెట్టిన ఖర్చు కొంత, తెలిశాక కూడా ఆపుకోలేక పెట్టిన ఖర్చు మరికొంత. పదహారేళ్లు విన్నాక వాటిలో ఏది నిలిచింది, ఏది అరలో దుమ్ము పట్టింది అన్నది చెబుతాను.

మొదటిది 'స్పిరిటెడ్ అవే' సౌండ్‌ట్రాక్. స్నేహితుడిచ్చిన డీవీడీలో సినిమా చూశాను. ఒక చిన్నపిల్ల నీళ్ల మీద నడిచే రైలెక్కి కూర్చుంటుంది. బయట నీళ్లు, అక్కడక్కడ ఒక ఇల్లు, ఒక స్టేషను, రాత్రి కాగానే దీపాలు. ఎవరూ పెద్దగా మాట్లాడరు. పియానో మాత్రం ఒక్కో స్వరాన్ని నీటిలో వేసి చూస్తున్నట్టు వాయిస్తుంది. సినిమా కథ నాకు సగమే గుర్తుంది కానీ ఆ నాలుగు నిమిషాలు వదల్లేదు. సంగీతం జో హిసైషి. వాయించింది న్యూ జపాన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం. ఆ ముక్క పేరు 'ఆరో స్టేషన్'. ఆర్డరు పెట్టిన ఐదు వారాలకు సీడీ వచ్చింది. పెట్టెకు ఎడమపక్క నిలువుగా ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంది. ప్లాస్టిక్ కవరుతో పాటు దాన్ని కూడా చెత్తబుట్టలో వేశాను. ఆ పట్టీని 'ఓబి' అంటారని, కిమోనో నడుముకు కట్టే పట్టీ పేరే దానికి పెట్టారని, అది లేకపోతే పాత సీడీల బజారులో ధర పడిపోతుందని రెండేళ్ల తర్వాత తెలిసింది. దాని సంగతి చివర్లో.

సీడీని కంప్యూటర్‌లో పెడితే పేర్లన్నీ ప్రశ్నార్థకాలు, ఖాళీ డబ్బాలుగా వచ్చాయి. జపాన్ లిపి నా కంప్యూటర్‌కు రాదు, నాకూ రాదు. ఒక ఆదివారం కూర్చుని ఒక్కో పేరూ వెతికి చేత్తో ఎక్కించాను. విసుగు పుట్టించే పనే కానీ దానివల్ల ఒక లాభం కలిగింది. 'గాలి' అనే అక్షరాన్ని చూడగానే గుర్తుపట్టడం వచ్చింది. 'నౌసికా' సినిమా పూర్తి పేరులో గాలి ఉంది. 'టోటోరో'లో అందరూ మెచ్చే ముక్క పేరు 'గాలి నడిచే దారి'. 2013 నాటి 'ది విండ్ రైజెస్' సరేసరి. ఈ సినిమాలన్నిటి దర్శకుడు హయావో మియజాకికి ఎగరడం ఎంత పిచ్చో సీడీల వీపులు చూస్తేనే తెలిసిపోతుంది.

రెండో సీడీ దగ్గర బోల్తాపడ్డాను. 'ప్రిన్సెస్ మొనొనొకె' అని కొన్నది వింటే బాణీలు తెలిసినవే, కానీ ఏదో తేడా. ఆర్కెస్ట్రా ఉండాల్సిన చోట సింథసైజర్. ఒకచోట తాళం వేరు, ఇంకోచోట తెలిసిన పల్లవి సగంలోనే పక్కదారి పట్టింది. నకిలీ సరుకు అంటగట్టారని అమ్మినతనికి కోపంగా ఉత్తరం రాశాను. అతను ఎంతో మర్యాదగా, మీరు కొన్నది 'ఇమేజ్ ఆల్బమ్' అండీ అని జవాబిచ్చాడు. తప్పు నాదే.

ఇమేజ్ ఆల్బమ్ అంటే సినిమా పూర్తికాకముందే తయారయ్యే సంగీతం. దర్శకుడు గీసిన బొమ్మలు, రాసుకున్న మాటలు సంగీత దర్శకుడికి ఇస్తాడు. ఆయన వాటిని చూసి ఊహించి బాణీలు కట్టి ఒక ఆల్బమ్ చేస్తాడు. దర్శకుడు అది వింటూ పనిచేస్తాడు. తర్వాత సినిమాకు కొలతలు తీసి, వాటిలో నిలిచిన బాణీలతో అసలు సౌండ్‌ట్రాక్ తయారవుతుంది. మూడోది, సినిమా ఆడిన తర్వాత అవే బాణీలను కచేరీకి తగ్గట్టు పెంచి పెద్ద వాద్యబృందంతో వాయించే సింఫనీ ఆల్బమ్. 'మొనొనొకె'కు ఇమేజ్ ఆల్బమ్ 1996లో, సౌండ్‌ట్రాక్ 1997లో, చెక్ ఫిల్హార్మోనిక్ వాయించిన సింఫనీ 1998లో వచ్చాయి. హిసైషికి మియజాకి పరిచయమే ఇమేజ్ ఆల్బమ్ వల్ల జరిగింది. 1983లో 'నౌసికా' కోసం ఆయన చేసింది అదే. అది నచ్చి 1984లో సినిమా పనీ ఆయనకే అప్పగించారు. విడిగా ఒక టైటిల్ పాట కూడా తయారైంది కానీ, సినిమాలో దానికి చోటు దొరకలేదు. అదే సినిమాలో చిన్నపిల్ల గొంతుతో వినిపించే ఆ 'ల ల ల' పాడింది హిసైషి కూతురు. అప్పుడామెకు నాలుగేళ్లు. నలభై ఏళ్లు దాటినా జనం ఆర్కెస్ట్రానంతా మర్చిపోయి ఆ గొంతునే తలుచుకుంటారు.

కొత్తగా కొనేవారికి అందరూ చెప్పే సలహా, సింఫనీ ఆల్బమే కొనండి, నిండుగా ఉంటుంది అని. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. సౌండ్‌ట్రాక్‌లో ముక్కలు చిన్నవి, కొన్ని నిమిషం కూడా ఉండవు, ఇప్పుడే మొదలైందనుకునేలోగా ఆగిపోతాయి. మొదట్లో అది నాకు లోపంగా తోచేది. సింఫనీ వింటే కడుపు నిండినట్టుండేది. కానీ ఏడాదికి ఎన్నిసార్లు సీడీ బయటికి తీశానో లెక్కపెడితే, విందుభోజనం లాంటి సింఫనీలు పండగలకే వచ్చాయి, చారన్నం లాంటి సౌండ్‌ట్రాక్‌లు రోజూ నడిచాయి. ఒక్క 'మొనొనొకె' సింఫనీకి మాత్రం మినహాయింపు ఇస్తాను. మొదటి ముక్కలో అడుగున డోళ్లు గురగురమంటుంటే పైన తంత్రీవాద్యాలు కొండెక్కుతున్నంత నెమ్మదిగా బాణీని లేపుతాయి. చెక్ వాద్యబృందపు ఇత్తడి వాద్యాల బరువు ఆ సినిమా అడవికి సరిగ్గా సరిపోయింది. రాత్రి దీపం ఆర్పి వినదగ్గ రికార్డింగ్ అది.

'హౌల్స్ మూవింగ్ కాసిల్' దగ్గర ఈ వరసంతా తలకిందులవుతుంది, కొనేవారు జాగ్రత్తపడాలి. దాని ఇమేజ్ ఆల్బమే సింఫనీ. 2004 మొదట్లో వచ్చింది, వాయించింది మళ్లీ చెక్ ఫిల్హార్మోనిక్. సినిమా అదే ఏడాది చివర్లో విడుదలైంది. అందరూ ఈలవేసే ఆ వాల్ట్జ్, మూడు దెబ్బల తాళంలో సాగే నాట్యపు బాణీ ఉందే, అది ఈ ఆల్బమ్‌లో లేదు. ఆ బాణీ తర్వాత పుట్టింది. దాని కోసమే కొన్న నేను ఆల్బమ్ చివరిదాకా ఎదురుచూసి కూర్చున్నాను. కానీ దొరకని వాల్ట్జ్ కోసం వెతుకుతూ ఇంకొకటి పట్టుకున్నాను. ఒంటరి ట్రంపెట్ మీద నడిచే ఒక ముక్క. సినిమాలో రాలుతున్న నక్షత్రాన్ని చిన్న కుర్రాడు పట్టుకునే చోట వినిపించేది అదే. ఇక వాల్ట్జ్ కావాలంటే సౌండ్‌ట్రాక్ కొనండి. ఆ ఒక్క బాణీనే ఊరేగింపులా, కన్నీళ్లలా మార్చి మార్చి హిసైషి సినిమా అంతా నడిపాడు. కథానాయిక ఒకసారి పద్దెనిమిదేళ్ల పిల్ల, ఒకసారి తొంభయ్యేళ్ల అవ్వ. బాణీ ఒకటే ఉంటే మనిషి ఒకరేనని చెవికి తెలుస్తుంది.

'లపూటా' విషయంలో నాతో వాదనకు దిగేవారు చాలామంది. 1986 నాటి సినిమా రెండు గంటల పైచిలుకు. అందులో సంగీతం గంట మాత్రమే. అమెరికాలో విడుదల కోసం హిసైషి తన సంగీతాన్నే తిరగరాసి, ఖాళీలన్నీ పెద్ద ఆర్కెస్ట్రాతో నింపాడు. అది 2002లో సీడీగా వచ్చింది. రికార్డింగ్ నాణ్యత పాతదానికంటే ఎన్నో రెట్లు మేలు. అయినా నేను దాన్ని ఐదారు సార్లకు మించి వినలేదు. పాతదాంట్లో పిల్లలిద్దరూ ఆకాశంలో తేలే దీవి మీద మొదటిసారి కాలుపెట్టే ఘట్టం చుట్టూ ఉన్న నిశ్శబ్దం నాకు ముఖ్యం. అడగని అతిథికి మూడోసారి వడ్డించినట్టుంటుంది కొత్తది.

ఈ అరలో హిసైషి ఒక్కడే లేడు. ఇంకో దర్శకుడు ఇసావో తకహత సినిమాల ద్వారా మిచియో మామియా అనే సంగీత దర్శకుడు తెలిశాడు. 1968 నాటి 'హోరస్', 1982లో వచ్చిన 'గోషూ అనే సెల్లో వాద్యగాడి' కథ, 1988 నాటి 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' మూడింటి సంగీతమూ మామియాదే. 'గోషూ'లో బేతోవెన్ ఆరో సింఫనీయే కథను నడుపుతుంది. ఊరి వాద్యబృందంలో అందరికంటే అధ్వానంగా వాయించేవాడు రాత్రిళ్లు జంతువుల దగ్గర పాఠం నేర్చుకుంటాడు. సంగీతం నేర్చుకున్న ప్రతివాడికీ తన కథే అనిపిస్తుంది. గాడ్జిల్లాకు సంగీతమిచ్చిన అకిరా ఇఫుకుబె 1963లో ఒక యానిమేషన్ సినిమాకు చేసిన సంగీతం కూడా నా దగ్గర ఉంది, ఎనిమిది తలల పాముతో పోరాడే రాకుమారుడి కథ. ఇక ఈ సింఫనీ ఆల్బముల మోజుకు ఊపునిచ్చింది అంతరిక్ష యుద్ధనౌక కథ 'యమాటో'కు హిరోషి మియగావా 1977లో చేసిన సింఫనీ. డిస్కో కాలపు డ్రమ్ములు, గిటార్లు ఆర్కెస్ట్రా పక్కన నిలబడి ఉంటాయి. ఇప్పుడు వింటే కాస్త నవ్వొస్తుంది, ఆ తర్వాత వదలదు.

మా అమ్మ వయొలిన్ నేర్చుకున్న మనిషి. నా సీడీల ఖర్చు మీద ఆమెకు ఎప్పుడూ సదభిప్రాయం లేదు. ఒక మధ్యాహ్నం 'గాలి నడిచే దారి' పెట్టుకుని వింటుంటే వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమిటిరా ఇది, శుద్ధ ధన్యాసి ఛాయ కనిపిస్తోంది?"

"జపాన్ వాళ్లదమ్మా."

"గమకమే లేదు. స్వరం మీద ఇలా నిలబడిపోతే ఎలా?" అని, అయిపోయేదాకా అక్కడే నిలబడింది. మళ్లీ పెట్టమని అడగలేదు. కానీ సాయంత్రం కూర తరుగుతూ అదే బాణీని గమకాలు వేసి కూనిరాగం తీసింది. నా దగ్గరున్న వాటిలో నాలుగో రూపం అది, ఎక్కడా అమ్మరు.

నకిలీల గురించి ఒక మాట. ఒక ప్రదర్శనలో చవకగా దొరికాయని మూడు సీడీలు కొన్నాను, మూడూ దొంగ ముద్రణలే. ఒకప్పుడు తైవాన్‌లో ఇవి కుప్పలుగా అచ్చయ్యేవి. అసలుదాని మీద జపాన్ సంగీత హక్కుల సంఘం జస్రాక్ గుర్తు ఉంటుంది. వీటిని విడుదల చేసే టొకుమా సంస్థ సీడీల నెంబరు చాలావాటికి టీకేసీఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. బొమ్మల అంచులు మసకబారి ఉన్నా, ధర మరీ తక్కువగా ఉన్నా అనుమానించాలి. జపాన్‌లోనే కొత్త సీడీ 3,000 యెన్ల చుట్టుపక్కల ఉంటుంది, రవాణా, పన్ను కలిపితే మన చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

ఎల్పీలు కొనడం నా బలహీనత, మీకు సిఫారసు చేయను. 2018 నుంచి పాత ఆల్బములన్నీ ఎల్పీలుగా మళ్లీ వేస్తున్నారు. అట్టలు అంత పెద్దవిగా చూడటం కళ్లకు పండగే. కానీ విశాఖ సముద్రపు గాలికి రెండు వానాకాలాల్లో మూడు అట్టల మీద బూజు మచ్చలు లేచాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు దాచి అర నిండా పరిచాను. అట్టలు కుదుటపడ్డాయి, దుమ్ము మాత్రం పోలేదు. 'ఆరో స్టేషన్'లో స్వరానికీ స్వరానికీ మధ్య చిటపట వినిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

2020లో ఈ ఆల్బములు చాలావరకు స్ట్రీమింగ్‌లోకి వచ్చేశాయి. పదకొండేళ్లు పార్సెళ్ల కోసం కాపు కాసినవాణ్ణి, ఒక్క రాత్రిలో నా అల్మరా అంతా అందరి ఫోనుల్లో ఉంది. మొదటి వారం ఉడుకుమోత్తనంగానే అనిపించింది. ఇప్పుడైతే కొనాలనుకున్నవాళ్లకు ముందు అక్కడ వినమనే చెబుతాను. 2023లో లండన్‌లోని రాయల్ ఫిల్హార్మోనిక్‌తో హిసైషి చేసిన సంకలనం బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది. నేను ఒకసారి విన్నాను. అన్నీ నున్నగా ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టున్నాయి. 2008లో టోక్యోలోని బుడోకాన్ హాలులో వెయ్యిమందికి పైగా కలిసి చేసిన కచేరీ డీవీడీ చూడ్డానికి గొప్పది, వినడానికి జాతర. 2023లోనే వచ్చిన 'ది బాయ్ అండ్ ది హెరాన్' సౌండ్‌ట్రాక్ మాత్రం రోజువారీ వినికిడిలో చేరిపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన హిసైషి అందులో ఆర్కెస్ట్రాను పక్కకు జరిపి పియానో మీద నాలుగు స్వరాలనే మళ్లీ మళ్లీ అడుగుతాడు.

ఇక 'ఆరో స్టేషన్'. ఆ బాణీ ఇమేజ్ ఆల్బమ్‌లో 'సముద్రం' అనే పేరుతో ఉందని తెలిసి 2012లో అదీ కొన్నాను. పోయిన సంవత్సరం ఒక పాత సీడీల అమ్మకంలో, నేను 2009లో కొన్న సౌండ్‌ట్రాక్ ప్రతే ఓబితో సహా కనిపించింది. పట్టీ మీద చిన్న ముడత తప్ప ఏ లోపమూ లేదు. కొన్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.