గ్రానైట్ కేటలాగు: ఫిల్టర్లన్నీ గూగుల్‌కు తెరిచి ఉంచాలా, ఎంచిన కొన్ని పేజీలే చాలా?

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్) పలకలను ఒంగోలు నుంచి ఆన్‌లైన్లో అమ్మే వ్యాపారి కేటలాగులో ఫినిష్ (పలక పైభాగపు మెరుగు), మందం, సైజు అని మూడు ఫిల్టర్లు ఉన్నాయనుకుందాం. వాటి నుంచి పుట్టే ప్రతి లింకునూ గూగుల్‌కు అందనివ్వడం మేలా, లేక వాటిని మూసి, కొనేవారు నిజంగా వెతికే కొన్నింటికే విడిగా పేజీలు పెట్టడం మేలా అన్నది ఇక్కడి ప్రశ్న.

నాలుగు ఫినిష్‌లు, మూడు మందాలు, ఐదు సైజులు ఉంటే, ఒక్కో ఫిల్టరులో ఏదీ ఎంచని సందర్భాన్ని కూడా కలుపుకొని 5×4×6, అంటే 120 పేజీలు తయారవుతాయి. యార్డులో ఉన్న సరుకు నలభై రకాలే అయితే ఆ పేజీల్లో చాలావాటిలో ఒకటో రెండో పలకలు కనిపిస్తాయి, కొన్ని ఖాళీగానే ఉంటాయి. అన్నీ తెరిచి ఉంచడంలో శ్రమ లేదు, ఎవరో అరుదుగా వెతికే మాటకు పేజీ దొరికే అవకాశమూ ఉంది. అయితే ఒకే ప్రశ్నకు ఒకేలాంటి పేజీలు పది పోటీపడినప్పుడు గూగుల్ దేన్ని చూపుతుందో మన చేతిలో ఉండదు. క్రాల్ బడ్జెట్ (ఒక సైటులో గూగుల్ చదివే పేజీలకు ఉండే పరిమితి) అయిపోతుందన్న బెదిరింపును మాత్రం పట్టించుకోనక్కర్లేదు. గూగుల్ చెప్పిన ప్రకారం ఆ చింత పది లక్షలకు పైగా పేజీలున్న సైట్లకు, లేదా పదివేలకు పైగా పేజీలుండి అవి రోజూ మారే సైట్లకు సంబంధించినది.

అందుకే చిన్న కేటలాగుకు రెండో పద్ధతే మేలని నా అభిప్రాయం. 'బ్లాక్ గెలాక్సీ లెదర్ ఫినిష్', 'వంటింటి గట్టుకు 18 మి.మీ. పలకలు' వంటి పేజీలను ప్రధాన కేటగిరీ పేజీ నుంచి మామూలు లింకులతో కలిపి, బంగారు చుక్క దట్టంగా ఉన్న రకానికీ పలచగా ఉన్న రకానికీ తేడా ఏమిటో, ఏది ఎక్కడ నప్పుతుందో అమ్మేవాడికే తెలిసిన నాలుగు వాక్యాలు రాస్తే, ఆ పేజీకి పక్క పేజీకి లేని విలువ వస్తుంది.

మూయడంలో ఒక మెలిక ఉంది. రోబోట్స్ ఫైలులో (ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైలు) ఆపేసిన పేజీని క్రాలర్, అంటే పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రాం, తెరవదు కనుక, అందులో పెట్టిన నోఇండెక్స్‌ను (ఈ పేజీని ఫలితాల్లో చూపవద్దనే గుర్తు) అది చదవనే చదవదు. కొత్త సైటైతే మొదటి నుంచీ రోబోట్స్ ఫైలుతో ఆపవచ్చు. ఇప్పటికే ఇండెక్సులో (గూగుల్ ఫలితాలు తీసే పేజీల జాబితా) చేరిన పేజీలకైతే ముందు నోఇండెక్స్ పెట్టి, అవి తొలగిపోయాకే దారి మూయాలి. దీనికి బదులు కానానికల్ ట్యాగు (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే గుర్తు) పెడితే, అది గూగుల్‌కు సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు.

సరుకు ఎక్కువై ఒకే జాబితా రెండు మూడు పేజీలైతే అంకెల లింకులే పెట్టాలి, ఎందుకంటే 'మరిన్ని చూపు' బటన్‌ను గూగుల్ క్రాలర్ నొక్కదు. రెండో పేజీ కానానికల్ ఆ పేజీకే ఉండాలి, మొదటిదానికి కాదు.

ప్రతి ఫిల్టరు కలయికలోనూ పలకలు నిండుగా ఉండేంత పెద్ద యార్డుకైతే లెక్క మారుతుంది. మిగిలినవారు సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం) ఏ మాటలతో జనం తమ సైటుదాకా వస్తున్నారో నెలకోసారి చూసుకొని, '30 మి.మీ. లెదర్' వంటి మాట మళ్లీ మళ్లీ కనబడితే దానికొక పేజీ తెరవవచ్చు.