ఎస్క్యూలైట్ ఎఫ్‌టీఎస్5: బీరు రకాలు వెతికే పనిలో నాలుగేళ్ల వాడకం

మా బావ ఎస్వీ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివి, ఇప్పుడు బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో బీరు తయారుచేస్తాడు. నేను తిరుపతిలోనే ఇంటి దగ్గర కూర్చుని ప్రోగ్రామింగ్ పని చేసుకుంటాను. నాకు తాగే అలవాటు లేదు. బీరు గురించి నాకు తెలిసిందంతా బావ చెప్పిన మాటలే. ఆ మాటలను వెతికిపెట్టే పనిముట్టు ఒకటి కట్టి, నాలుగేళ్లుగా ఇద్దరం వాడుతున్నాం. దాని అడుగున ఉన్నది, డేటాను ఒక ఫైల్లో దాచే చిన్న డేటాబేసు అయిన ఎస్క్యూలైట్‌లోని ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట భాగం. ఈ సమీక్ష దాని గురించే, ముఖ్యంగా తెలుగుతో వాడాలనుకునేవాళ్ల కోసం.

మొదలైంది బావ పరీక్షతో. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అని 1985 నుంచి ఒక సంస్థ ఉంది. బీరు పోటీల్లో తీర్పు చెప్పేవాళ్లకు అదే పరీక్ష పెడుతుంది. మొదటి మెట్టు ఆన్‌లైన్‌లో 60 నిమిషాలు, 180 ప్రశ్నలు. ప్రశ్నకు 20 సెకన్లు. 2021లో వాళ్లు రకాల పట్టికను మార్చి కొత్తగా విడుదల చేశారు, బావ దానితో సాధన మొదలుపెట్టాడు. రాత్రి పది దాటాక ఫోన్ చేసేవాడు. "బామ్మర్దీ, చేదు 25, ఆల్కహాల్ 5 శాతం, లేత బంగారు రంగు. యాడ పడతాది?"

ఆ అంకెలకు జర్మన్ పిల్స్ సరిపోతుంది, ఎందుకంటే దాని చేదు (ఐబీయూ అనే కొలతలో) 22 నుంచి 40 దాకా. కోల్ష్ కూడా సరిపోతుంది, 18 నుంచి 30. ఇంటర్నేషనల్ పేల్ లాగర్ 18 నుంచి 25, అదీ సరిపోతుంది. అంకెల దగ్గర మూడూ ఒకటే. విడదీసేది మాట. పిల్స్ తాగాక చేదు నాలుక మీద నిలుస్తుంది, కోల్ష్‌లో పండ్ల వాసన లేతగా తగులుతుంది. అందుకే అంకెలను మామూలు పట్టికలో పెట్టి, వర్ణనలను ఎఫ్‌టీఎస్5లో పెట్టాను. ఆ సంస్థ రకాల పట్టికలోని పాఠాన్ని అట్లే దించలేదు. బావ తన మాటల్లో తెలుగులో చెబితే నేను రాసుకున్నాను. రకాల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంచాను.

వందకు పైచిలుకు రకాలకు ఇంత ఏర్పాటు ఎందుకని అడగొచ్చు. వేగం కోసమైతే అక్కర్లేదు, డేటాబేసుల్లో మామూలుగా ఉండే లైక్ (LIKE) వెతుకులాట చాలు. నాకు కావాల్సింది వరస. పేరులో దొరికిన మాట పైకి రావాలి, నోట్సులో ఎక్కడో దొరికినది కిందికి పోవాలి. ఎఫ్‌టీఎస్5లో బీఎం25 అనే లెక్క ఆ పని చేస్తుంది, ఏ గడికి ఎంత బరువో మనమే చెప్పొచ్చు. అది ఇచ్చే మార్కులు రుణ సంఖ్యలు, ఎంత తక్కువైతే అంత మంచి జవాబు. నేను మొదట తలకిందులుగా పేర్చి, పనికిరానివన్నీ పైన చూశాను. పైగా సర్వరు అక్కర్లేదు. డేటా మొత్తం ఒక్క ఫైలు. బావ ఫోన్‌లోకి కాపీ చేస్తే పనైపోయింది.

ఇక అసలు సంగతి.

వాడకం మొదలుపెట్టిన రెండో వారంలో బావ ఫోన్ చేసి, "ఏంది బామ్మర్దీ ఇది, రంగు అని కొడితే రాగి సంకటి వస్తా ఉండాది" అన్నాడు. రాగి మాల్ట్‌తో చేసిన ఒక ప్రయత్నం గురించి ఆయన రాసుకున్న నోట్సు అది, అందులో రంగు అనే మాటే లేదు. తీపి అని కొడితే దామలచెరువు దగ్గరి మామిడి తోపు వచ్చింది. పులుపు అని కొడితే, ఎవరో పోటీకి పిలిచిన పిలుపు వచ్చింది. దొరికిన మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు వేయించి చూశాను. రంగు అని నిజంగా ఉన్న నోట్సులో కూడా 'రంగ' వరకే బ్రాకెట్లో ఉంది, కొమ్ము బయటపడి చుక్కల వలయం మీద వేలాడుతోంది.

ఎఫ్‌టీఎస్5 తనంతట తాను వాడే యూనికోడ్61 విభజన (పాఠాన్ని మాటలుగా విడగొట్టే పద్ధతి), అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతాలు, సున్న, పొల్లు యూనికోడ్‌లో 'మార్కు'ల వర్గంలో ఉన్నాయి. కాబట్టి వాటి దగ్గర మాటను తెగ్గొట్టేస్తుంది. రంగు అంటే దానికి ర, గ. రాగి అన్నా ర, గ. తీపి, తోపు రెండూ త, ప. పులుపుకూ పిలుపుకూ అసలు తేడానే లేదు. హిందీకీ మిగతా భారతీయ లిపులకూ ఇదే గతి. తప్పు చూపించదు, హెచ్చరిక రాదు. ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది కాబట్టి పని చేస్తోందనే అనుకుంటాం. నాకు దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

మందు మాత్రం చిన్నదే. పట్టిక తయారుచేసేటప్పుడు కేటగిరీస్ అనే ఐచ్ఛికంలో, మామూలుగా ఉండే వర్గాలకు ఎంఎన్, ఎంసీ (Mn, Mc) అనే రెండు మార్కుల వర్గాలను జతచేయాలి. పట్టిక కట్టేశాక ఇది మార్చడం కుదరదు, తీసేసి మళ్లీ కట్టాలి. అందుకే మొదటి వరస ఎక్కించకముందే చేసుకోండి.

అది కుదిరాక ఇంకోటి బయటపడింది. 'డాపెల్‌బాక్' లాంటి బీరు పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పెడితే రెండు మాటలు, పెట్టకపోతే ఒకటి. బావ ఫోన్‌లో కొట్టింది నా ల్యాప్‌టాప్‌లో దొరికేది కాదు. ఇప్పుడు ఎక్కించేటప్పుడూ వెతికేటప్పుడూ ఆ గుర్తును తీసేస్తున్నాను.

విభక్తుల సంగతి సగమే తీరింది. మాట చివరి ప్రత్యయాలను కత్తిరించి మూలరూపాన్ని వెతికే పోర్టర్ పద్ధతి ఇందులో ఉంది గానీ, దానికి ఇంగ్లిష్ తప్ప వేరే భాష రాదు. మాట చివర నక్షత్రం పెట్టి వెతికితే చేదు, చేదుగా, చేదుతో అన్నీ వస్తాయి. కానీ పండు అని కొడితే పళ్లు రావు, పండ్లూ రావు. గోధుమ బీరు వైస్‌బియర్‌ను గుర్తుపట్టేదే అరటిపండు, లవంగం వాసనలతో. బావ 'అరటిపళ్ల వాసన' అని రాసిన నోట్సులన్నీ చాలాకాలం దొరక్కుండా ఉండిపోయాయి. అలాంటి మాటలకు చేత్తో ఒక జంటల పట్టిక రాసుకున్నాను, ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

పేర్లకు విడిగా, మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా చూసే ట్రైగ్రామ్ విభజన పెట్టాను, 2020 చివర్లో వచ్చింది అది. మాట మధ్యలో ఉన్నదాన్నీ పట్టుకుంటుంది కాబట్టి బాక్ అంటే డాపెల్‌బాక్, ఐస్‌బాక్, వైట్జెన్‌బాక్ మూడూ వస్తాయి. మూడక్షరాలకు తక్కువైతే ఏమీ రాదంటారు గానీ, ఆ లెక్క యూనికోడ్‌ది. 'బాక్' మనకు రెండక్షరాలైనా దానికి నాలుగు. నోట్సుకు కూడా ఇదే పెట్టి చూశాను. బాక్ అని కొడితే బాక్టీరియా ఉన్న పుల్ల బీర్లన్నీ వచ్చిపడ్డాయి, తీసేశాను.

లాటిన్ లిపి వరకు ఎంతో మంచిది. కోల్ష్‌ను ఇంగ్లిష్‌లో ఓ మీద రెండు చుక్కలు లేకుండా కొట్టినా దొరుకుతుంది. అయితే వాడేవాళ్లు కొట్టిన మాటను నేరుగా దానికి ఇవ్వకండి. మధ్యలో అడ్డగీత గానీ చుక్క గానీ ఉంటే తప్పు చూపించి ఆగిపోతుంది. మాటను జంట కొటేషన్ గుర్తుల్లో పెట్టి పంపాలి.

అసలు పాఠాన్ని వేరే పట్టికలో ఉంచి, సూచికను మాత్రం ఇందులో పెట్టే పద్ధతి కూడా వాడాను. చోటు కలిసొస్తుంది. మార్పులు సూచికకు చేర్చే ట్రిగ్గర్లు మనమే రాయాలి. దిద్దుబాటు ట్రిగ్గర్ రాయడం మరిచిపోయి, నెలరోజులు చెరిపేసిన మాటలకు కూడా జవాబులు చూశాం. రీబిల్డ్ ఆదేశం ఒకటి ఇస్తే సరిపోయింది.

బావ మొదటి మెట్టు దాటాడు. ఇప్పుడు తోతాపురి గుజ్జుతో ఒక బీరు చేస్తున్నాడు, దాన్ని 29ఎ ఫ్రూట్ బీర్ (పండు కలిపిన బీరు) కింద పోటీకి పంపాలనుకుంటున్నాడు, దానికి మూలంగా ఏ బీరు రకం సరిపోతుందో చూడాలి. మొన్న రాత్రి పులుపు, లేత రంగు, గోధుమ అని మూడు మాటలు కొట్టాడు. బెర్లినర్ వైస్ మొదట వచ్చింది, గోజె రెండోది. పిలుపు రాలేదు.