లప్పం దగ్గర చేయిచ్చిన శిరస్త్రాణం కిట్టు

మా అబ్బాయి పాఠశాల వార్షికోత్సవంలో ఖడ్గ తిక్కన వేషం వేయవలసి రావడంతో, నెల్లూరులోని ఒక చేతిపనుల సామగ్రి దుకాణంలో శిరస్త్రాణం తయారీ కిట్టును 850 రూపాయలకు కొన్నాను. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో సేనానిగా ఉండి కాటమరాజు మీదికి యుద్ధానికి వెళ్ళిన వీరుడికి, అట్టముక్కలకు వెండికాగితం చుట్టిన టోపీ పెట్టి పంపడం నెల్లూరు వాళ్ళకు తగిన పని కాదనిపించింది.

కిట్టులో 6 మి.మీ. మందం గల ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే స్పాంజి రకం) షీట్లు రెండు, అంచుపట్టీల కోసం 2 మి.మీ. షీటు ఒకటి, కాగితపు నమూనా, రబ్బరు సొల్యూషన్ ట్యూబు, లప్పం పొడి పొట్లం, వెండిరంగు సీసా, ఒక బ్రష్షు ఉన్నాయి. షీట్లు నిజంగా మేలురకానివి; గోటితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోతుంది, కొత్త బ్లేడుతో కోస్తే అంచు నున్నగా తెగుతుంది. నమూనా కూడా ఆలోచించి గీసినదే. తామర రేకుల్లాంటి ఎనిమిది ముక్కలను అంచులు కలిపి అంటిస్తే గుండ్రని గోపురం దానంతట అదే లేస్తుంది. అయితే అది పెద్దవారి తలకు గీసినది కాబట్టి, జిరాక్సు దుకాణంలో 92 శాతానికి తగ్గించి తీయించాను. ఇక్కడ ఒక లెక్క మరువకూడదు: షీటు 6 మి.మీ. మందం ఉంటే, లోపలి చుట్టుకొలత కంటే బయటి చుట్టుకొలత దాదాపు 38 మి.మీ. ఎక్కువ వస్తుంది, తల కొలతకు సరిగ్గా ముక్కలు కోసినవారికి టోపీ తలకెక్కదు.

సొల్యూషన్ రాసిన వెంటనే అంటించమని కిట్టుతో ఇచ్చిన సూచనల కరపత్రంలో ఉంది. అది పొరపాటు. రెండు అంచులకూ పలుచగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరేదాకా పది నిమిషాలు ఆగి, అప్పుడు కలిపి నొక్కితేనే అతుకు గట్టిగా నిలుస్తుంది. ఒకసారి కలిపాక సర్దుకునే వీలుండదు కనుక కింది అంచు నుంచి కొంచెం కొంచెంగా పైకి వెళ్ళాలి. ట్యూబు నాలుగు అతుకులకే అయిపోయింది. మిగిలినదానికి చెప్పుల సామాన్లమ్మే కొట్టుకు వెళ్ళవలసి వచ్చింది.

ఇక లప్పం సంగతి. కిట్టులో ఇచ్చినది గోడలకు పట్టించే తెల్ల పొడి. ఫోమ్ వంగుతుంది, ఆ లప్పం వంగదు. అతుకుల మీద చక్కగా పట్టించి, ఉప్పు కాగితంతో రుద్ది, రంగు కూడా వేశాక, మా వాడు ఒక్కసారి తలకు పెట్టుకోగానే ఎనిమిది అతుకులూ ఎండిన చెరువులా నెర్రెలు విచ్చాయి. అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. ముందు అతుకులను 120 నంబరు, ఆపైన 240 నంబరు కాగితంతో రుద్ది, హీట్ గన్ను (వేడిగాలి చిమ్మే పరికరం) ఒకచోట ఆపకుండా తిప్పుతూ వేడి చూపించాను. ఆ వేడికి ఫోమ్ పైపొరలోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి కొంచెం మెరుపు వస్తుంది. తర్వాత కిటికీ చట్రాల సందుల్లో నింపే అక్రిలిక్ సీలెంటును అతుకుల్లో కూరి, తడిచేసిన ఉదయగిరి చెక్క గరిటె వీపుతో నునుపు చేశాను. (ఆ గరిటె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళలేదు, ఆ మాట ఇంకా పడుతూనే ఉన్నాను.) ఈ సీలెంటు ఆరిన తర్వాత ఉప్పు కాగితానికి సరిగా లొంగదు కాబట్టి, నునుపంతా తడిగా ఉన్నప్పుడే తేవాలి.

ఫోమ్ మీద నేరుగా రంగు వేయమన్న కరపత్రం సలహా కూడా పనికిరాదు. రంగును అది పీల్చేసుకుని మచ్చలుగా చూపిస్తుంది. తెల్ల జిగురులో సమానంగా నీళ్ళు కలిపి నాలుగు పూతలు వేశాను. నవంబరు వానల్లో ఒక్కో పూత ఆరడానికి ఒక పూట పట్టింది. వెండిరంగు మాత్రం మంచిదే. అడుగున నల్లరంగు వేసి, దాని మీద బ్రష్షుకు బదులు స్పాంజితో మూడు పలుచని పూతలు అద్దితే ఇనుము బరువు కనిపించింది.

షీట్లు విడిగా కూడా అమ్ముతారట. నమూనా మాత్రం కిట్టుతోనే ఇస్తారు. ఆ నమూనా కోసం కొనదలచినవారు లప్పానికి, జిగురుకు మరో మూడు వందలు పక్కన పెట్టుకోవాలి. లప్పం పగిలిందని దుకాణంలో చెబితే, యజమాని పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, "గోడకైతే బాగా పడుతుంది సార్" అన్నారు.