సరిహద్దు గోడ తగాదాకు మధ్యవర్తిత్వ సేవ: మూడు సమావేశాల తరువాత నా అభిప్రాయం

పక్కింటివారికీ మాకూ మధ్య ఉన్న ప్రహరీ గోడ విషయంలో రెండేళ్ల పాటు మాటలు లేకుండా గడిపిన తరువాత, ఇరుగుపొరుగు తగాదాలను కోర్టు గడప ఎక్కకుండా తీర్చే ఒక మధ్యవర్తిత్వ సంస్థ దగ్గరకు ఇద్దరమూ కలిసి వెళ్లాం. ఇటువంటి సేవ నుంచి ఏమి ఆశించవచ్చు, ఏది అడిగి మరీ రాయించుకోవాలి అన్నదే నేను చెప్పదలచినది కనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు. సేవ మొత్తం మీద మంచిదే. లోపాలూ ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నది కాదు.

గోడ మా వైపు ఒరిగింది. పక్కింటి ఆయన తమ పెరట్లో పని చేయించినప్పుడు గోడను మా స్థలంలోకి జరిపించారని మేము అన్నాం, మా చెట్టు వేళ్లు పునాదిని ఎత్తేశాయని వారు అన్నారు. ఎవరి దస్తావేజు వారి చేతిలో ఉంది. రెండింటిలోని వెడల్పులనూ కూడితే నేల మీద నిజంగా ఉన్న వెడల్పు కంటే బెత్తెడు ఎక్కువ వచ్చేది. ఆ బెత్తెడు నేల కోసమే మాటా మాటా పెరిగి, చివరకు పిల్లలు కూడా ఒకరింటికి ఒకరు వెళ్లడం మానేశారు.

మధ్యవర్తి న్యాయమూర్తి కాదు. తీర్పు చెప్పే అధికారం ఆమెకు లేదు, ఆ మాట ఆమె మొదటి సమావేశంలోనే విడమరచి చెప్పారు. ముందు మా ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, ఒకరు చెప్పినది వారి అనుమతి లేకుండా రెండోవారికి చేరవేయనని మాట ఇచ్చి, ఆ తరువాతే ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాతో విడిగా మాట్లాడినప్పుడు ఆమె వేసిన మొదటి ప్రశ్న ఇది: "మీకు కావలసింది నేలా, గోడా?" అప్పటిదాకా ఆ రెండూ ఒకటేనని అనుకుంటూ వచ్చాను. హద్దు గీత ఎక్కడుందన్నది కొలతతో తేలవలసిన విషయం. గోడ ఎందుకు ఒరిగింది, ఎవరు బాగుచేయించాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నవి వేరే ప్రశ్నలు. ఈ రెండింటినీ విడదీయడమే ఈ సేవలో నాకు దొరికిన అసలు లాభం. మిగిలినదంతా దాని వెనకే వచ్చింది.

కొలతకు సంస్థ ఇద్దరికీ సమ్మతమైన ఒకే సర్వేయరును పంపింది. ఎవరి సర్వేయరును వారు తెచ్చుకుంటే రెండు పటాలు తయారై తగాదా రెట్టింపు అవుతుంది కాబట్టి ఈ పద్ధతి ఎంతో మేలు. ఆయన దూరాలనూ కోణాలనూ కొలిచే టోటల్ స్టేషన్ అనే పరికరాన్ని నిలిపి, హద్దురాళ్ల మీద అద్దపు పట్టకం పట్టించి, కాంతి వెళ్లి తిరిగి వచ్చే తీరును బట్టి దూరాలు కట్టారు. దస్తావేజుల్లో బెత్తెడు ఎలా పెరిగిందో కూడా ఆయనే విప్పి చెప్పారు. మా స్థలాలు వాలు మీద ఉన్నాయి. వెనుకటి వారు టేపును వాలు వెంబడి నేల మీద పరచి కొలిచి ఉంటారట. 20 మీటర్ల పొడవున నేల 2 మీటర్లు దిగితే, అలా కొలిచినప్పుడు అసలు సమతల దూరం కంటే సుమారు 10 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. ఎండకు టేపు సాగడం వల్ల వచ్చిన తేడా కావచ్చని పక్కింటి ఆయన అంటే, 30 మీటర్ల ఉక్కు టేపు 10 డిగ్రీల వేడి పెరిగితే సాగేది మూడున్నర మిల్లీమీటర్లేనని లెక్క వేసి చూపించారు. మా నేలను ఎవరూ కాజేయలేదు. వెనుకటి కొలతే తప్పు.

ఆ తరువాత ఆయన గోడ పైవరసకు మేకు కొట్టి తూకం గుండు వేలాడదీశారు. గాలికి కాసేపు ఊగి గుండు నిలిచేసరికి మేమందరం దాని చుట్టూ వంగి చూస్తున్నాం. దారానికీ గోడ అడుగుకూ మధ్య ఖాళీ 7 సెంటీమీటర్లు. గోడ అడుగు హద్దు మీదే ఉంది, పైభాగమే మా వైపు వాలింది. మా వైపు కింది నాలుగు వరుసల ఇటుకల మీద తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంది, వేలితో రాస్తే పొడిగా రాలింది. గోడ వెనుక ఎప్పుడూ తడి నిలుస్తోందనడానికి అది గుర్తని అప్పుడే తెలిసింది. పక్కింటివారు పెరడు ఎత్తు చేయించడానికి మట్టి పోయించారు. రెండు వైపుల నేల మట్టాల తేడా 30 సెంటీమీటర్ల నుంచి 60కి పెరిగింది. మట్టి లోతు రెట్టింపైతే గోడ మీద పడే మొత్తం తోపుడు నాలుగు రెట్లవుతుంది, వాన నీరు దిగి నిలిచిపోతే ఇంకా పెరుగుతుంది. అడ్డు కోసం కట్టిన 9 అంగుళాల ఇటుక గోడ మట్టిని ఆపే గోడ పని చేయలేదు. చెట్టు వేళ్లు పునాది దాకా రానే లేదు. ఇద్దరి నిందలూ తప్పేనని ఒకే పూటలో తేలడంతో, రెండేళ్ల తరువాత మొదటిసారి పక్కింటి ఆయన నన్ను పేరు పెట్టి పలకరించారు.

ఇక లోపాలు. సర్వేయరు రావడానికి 5 వారాలు పట్టింది. వచ్చినాయన గుర్తులను సుద్దతో పెట్టి వెళ్లడం వల్ల మరునాటి వానకు అన్నీ కొట్టుకుపోయి, మళ్లీ కొలిపించవలసి వచ్చింది. మేకులు దిగగొట్టి వెళ్లమని ముందే అడగండి. వీటికంటే పెద్ద లోపం ఒప్పందపు ముసాయిదాలో ఉంది. "గోడను ఇరువురూ కలిసి బాగుచేయించవలెను" అని మాత్రమే అందులో రాశారు. ఎప్పటిలోగా, ఎవరి పర్యవేక్షణలో, పునాది ఎవరి వైపు ఎంత వెడల్పున వస్తుంది, మళ్లీ బీటలు వారితే ఎవరు చూసుకోవాలి అన్న వాటిలో ఒక్కటీ లేదు. నేల మీద కనిపించే గోడ కంటే కింద పునాది వెడల్పుగా ఉంటుంది కనుక, అది హద్దు దాటుతుందా లేదా అన్నది రాతలో లేకపోతే తగాదా అక్కడే మళ్లీ మొలుస్తుంది. రేపు ఇద్దరిలో ఒకరు ఇల్లు అమ్మితే కొన్నవారికి ఈ ఒప్పందం వర్తిస్తుందా అని నేను అడిగినప్పుడు మాత్రమే, దానిని ఎలా నమోదు చేయించాలో న్యాయవాదిని కనుక్కోమన్నారు. నేను అడగకపోతే ఆ మాట వచ్చేదే కాదు. అడగడం తెలియనివారే ఇటువంటి సేవకు ఎక్కువగా వస్తారు, కాబట్టి దీన్ని తేలికగా తీసుకోలేను.

ఈ చిక్కులను కొన్ని దేశాల చట్టాలు ముందే ఊహించాయి. ఫ్రాన్సులో 1804 నాటి పౌరస్మృతి, వేరే ఆధారం లేనప్పుడు ఇళ్ల మధ్య గోడను ఉమ్మడిదిగా భావించమంటుంది, గోడ పైభాగం ఒక్కవైపుకే వాలుగా ఉంటే నీరు జారే వైపు వారిదని తలచమంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు 1996లో చేసిన చట్టం ప్రకారం ఉమ్మడి గోడ మీద పని మొదలుపెట్టేవారు 2 నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. పొరుగువారు 14 రోజుల్లో సమ్మతి తెలపకపోతే వివాదం ఉన్నట్టే లెక్క, అప్పుడు ఇద్దరూ కలిసి ఒకే సర్వేయరును పెట్టుకోవచ్చు. మట్టి పోయించే ముందు మా మధ్య ఒక్క చీటీ నడిచి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మూడో సమావేశంలో ముసాయిదాను ఒక్కొక్క వాక్యంగా తిరగరాశాం. ఇక్కడ మధ్యవర్తి ఓర్పును మనసారా మెచ్చుకుంటున్నాను. గోడలో నీటి రంధ్రాలు పెడదామని మొదట అనుకున్నాం, కానీ ఎత్తున ఉన్న వారి నేల నుంచి ఆ నీళ్లన్నీ మా పెరట్లోకి దిగుతాయి. అందువల్ల వారి వైపు గోడ వెంబడి కంకర పోసి, చిల్లుల గొట్టం వేసి, నీటిని బయటి కాలువకు మళ్లించాలని, ఆ ఖర్చు మట్టి పోయించినవారిదేనని, కొత్త గోడ ఖర్చు మాత్రం చెరి సగమని రాసుకున్నాం. పక్కింటి ఆయన ఒక్క మాట ఎదురాడకుండా సంతకం చేశారు.

సంతకాల తరువాత సంస్థ పంపిన తుది ప్రతిలో పునాది వెడల్పు తప్పు పడింది. ముందుగా గమనించినవారు పక్కింటి ఆయనే. కాగితం పట్టుకొని మా ఇంటికే వచ్చారు. సవరించి పంపమని ఇద్దరం కలిసి ఒకే లేఖ రాశాం, పది రోజుల్లో సరైన ప్రతి వచ్చింది.